ట్రైలర్‌కు లారీ చక్రాలు

రాజన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు. అయినా ఈ కబురు నీకు చెప్పకుండా ఉండలేను. మన వంట ట్రైలర్‌కు చక్రాలు మార్చారు.

ఈ ఒమాన్‌లో బర్కా క్యాంపు నుంచి నిజ్వా సైట్‌కు బయలుదేరిన ప్రతిసారీ కంకర దారిలో టైరు పేలేది. దిష్టి తగిలిందని మేం ట్రైలర్‌కు నిమ్మకాయలు కడితే నువ్వు కోప్పడేవాడివి. "దిష్టి గాదురా, బరువు. గిన్ని నీళ్లు, బియ్యం, పొయ్యిలు ఎక్కిస్తే గీ చిన్న టైర్లు ఎట్ల ఆగుతయ్?" అనేవాడివి. చివరికి పేలిన టైరు మారుస్తుండగా జాకీ జారి, ట్రైలర్ నీ మీదే ఒరిగింది.

ఇప్పుడు ఇరుసు మార్చి, పెద్ద చక్రాలు పట్టేలా పైన రేకు కోసి, లారీ చక్రాలు బిగించారు. అయినా నిమ్మకాయ మాత్రం మానలేదు, తిట్టకు. క్యాంపులో పచ్చివి దొరక్క, వంట చేసే ఖాసిం భాయ్ కూరలో వేసే ఎండు నిమ్మకాయను చక్రం కింద పెట్టాడు. బండి కదలగానే ఫట్‌మంది. టైరు పేలిందనుకుని అందరం కిందికి దూకాం. ఖాసిం భాయ్ నల్లటి తొక్కలు ఏరి చూపిస్తూ, "అరె, నింబూ హై మియా!" అన్నాడు. నువ్వు పోయాక మన రూమ్‌వాళ్లు అంతలా నవ్వడం అదే మొదలు.

ఆగినచోటల్లా నీలాగే టైరు మీద అరచెయ్యి పెట్టి చూశాను. నీ రోజుల్లో వేడికి చురుక్కుమని వెంటనే లాక్కునేవాళ్లం. ఈసారి నిజ్వా చేరాక కూడా టైరు గోరువెచ్చగానే ఉంది, పెట్టిన చెయ్యి ఎంతసేపటికీ తియ్యబుద్ధి కాలేదన్నా.

నీ పక్క సీటువాడు,
కొమురయ్య