గోపాలస్వామికి మా ఇంటి పువ్వు

1957 జూన్ 9, ఆదివారం. ఉదయం 6.
నిన్న మృగశిర. నేడు శుభారంభం!

నాయన ఉన్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం మా వీధి గోపాలస్వామికి మా పెరటి పూలదండే వెళ్లేది. ఆయన పోయి మూడేళ్లు. పెరడు ఎండింది. దండ బజారుది. మొన్న శుక్రవారం పూలపొట్లంలో బీడీముక్క వచ్చింది. అమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

అందుకని వామన్‌రావు అనే నేను, సర్కారీ దఫ్తరు గుమాస్తాను, గుళ్లో పూజారి సదాశివకు నలుగురూ వింటుండగా మాటిచ్చేశాను. శ్రావణం మొదటి శుక్రవారం, ఆగస్టు 2న, స్వామికి మా ఇంటి పూలదండ. అమ్మ పక్కనే ఉంది. ఇంటికొచ్చి, దండ కట్టడానికి అరటినార చీల్చి ఆరబెట్టింది.

కొనవలసినవి: మల్లె, జాజి, నందివర్ధనం. ఇంకేమీ కొనను.

సాయంత్రం 5.
కిషన్‌బాగ్ అవతల మైసయ్య నర్సరీ. స్వర్గమే! మైసయ్య ఏ మొక్క అడిగినా కొమ్మ వంచి పువ్వును మన ముక్కు దగ్గర పెడతాడు. "వాసన చూసినంకనే తీస్కో సాబ్" అంటాడు. గంటన్నర వాసన చూశాను.

తెచ్చినవి: మల్లె ఒకటి. నీలం చీనీ గమ్లా (పింగాణీ కుండీ) ఒకటి. ఒంటికాలి సిమెంటు కొంగ ఒకటి.

కొంగ ఎందుకని నా భార్య గోదా అడిగింది. తోటకు ముందు అందం రావాలి, పూలు వాటంతటవే వస్తాయని చెప్పాను.

జూన్ 16.
మళ్లీ నర్సరీ. జాజి కోసమే వెళ్లాను. ఐదు రంగుల క్రోటన్ కనబడింది. ఆకులే పూలలా ఉంటే ఇక పూలెందుకు? దాని పక్కనే ముళ్లజెముడు. మా సూపరింటెండెంటు బల్ల మీద అచ్చం ఇలాంటిదే ఉంది. రెండూ తెచ్చాను.

స్వామికి జెముడు దండ ఏ శుక్రవారం వేస్తారని గోదా అడిగింది. నేను జెముడును కొంగ పక్కకు జరిపాను.

జూన్ 23.
రోజంతా వాన. నీళ్లు పోసే పని తప్పింది. పడుకున్నాను.

జూన్ 30.
వాన లేదు. వచ్చేటట్టుంది. నీళ్లు పొయ్యలేదు.

జూలై 7.
మల్లె చచ్చిపోయింది. గమ్లాలో వాననీళ్లు నిలిచి వేరు కుళ్లిందట. అంత నున్నటి గమ్లాకు అడుగున చిల్లు కొట్టడానికి నాకు మనసొప్పలేదు మరి. తప్పు గమ్లాది. దుఃఖం మరిచిపోవడానికి నర్సరీకి వెళ్లాను. తీగలు పాకడానికి చెక్క జాలీ తెచ్చాను. తీగలు లేవు.

జూలై 21.
ఇంకా పన్నెండు రోజులు. అమ్మ ఆ నారనే విప్పుతుంది, చుడుతుంది. నేను చూడనట్టు తిరుగుతున్నాను. మధ్యాహ్నం తనే వచ్చి కూర్చుంది.

"దండ కాకుంటే పాయె. ఒక్క పువ్వున్నా చాలు బిడ్డా, బజారు దండ నడుమ కడత."

నర్సరీకి పరుగెత్తాను. చిన్న మొగ్గ ఉన్న దేశీ గులాబీ తెచ్చాను. మట్టికుండీ. అడుగున చిల్లుంది, వేలు పెట్టి చూశాను.

జూలై 30.
మొగ్గ రంగు తేలింది! రోజుకు రెండుసార్లు నీళ్లు. దఫ్తరులో అందరికీ చెప్పాను.

ఆగస్టు 2, శుక్రవారం. ఉదయం 5.45.
విచ్చుకుంది! అమ్మ నార తడుపుతోంది. నా స్నానమూ అయింది. ఇప్పుడే కోసుకొస్తాను.

ఉదయం 6.30.
కొమ్మ పట్టుకుని వంచాను. ఎనిమిది వారాలుగా మైసయ్య దగ్గర నేర్చిన పని నా ముక్కు చేసేసింది. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాను. తెరిచేసరికి ఎదురుగా అమ్మ, చేతిలో పూలసజ్జ.

వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదు. ఐదేళ్లప్పుడే నాకు తెలిసిన సంగతి ఇది.

అమ్మ సజ్జ కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"నేను చూడలేదనుకుందాం. స్వామి చూసిండు గదా."

అమ్మ ఆ పువ్వు కోసి గోదా జడలో పెట్టింది. స్వామికి మళ్లీ బజారు దండే వెళ్లింది. గుళ్లో సదాశివ అడిగితే, మొక్క ఇంకా చిన్నదని అమ్మే చెప్పింది. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

ఆగస్టు 4, ఆదివారం. సాయంత్రం 6.
నన్ను ఒంటరిగా పంపనని అమ్మ తనే బయల్దేరింది. మైసయ్య కొమ్మ వంచబోతే, దూరంగా పెట్టమంది. ఆకులు తిప్పి చూసింది, వేళ్ల దగ్గర మట్టి కదిపి చూసింది. పది నిమిషాల్లో ఐదు మొక్కలు ఏరింది. నేను చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాను. ఈసారి పూలు పూస్తాయని నాకే నమ్మకం కుదిరింది.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర ఆగిపోయింది. పురివిప్పిన సిమెంటు నెమలి. ఒళ్లంతా రంగులు. అమ్మ దాని మెడ నిమిరింది.

"మనింట్ల ఉంటే మంచిగుంటది గదరా" అంది.

నాయన పోయాక అమ్మ తన కోసం ఏదైనా కావాలనడం ఇదే మొదటిసారి. కాదని ఎలా అంటాను?

రిక్షాలో నెమలికీ అమ్మకీ మాత్రమే చోటు సరిపోయింది. మొక్కలు మైసయ్య దగ్గరే ఉన్నాయి. నేను వెనక నడిచి వచ్చాను. దారి పొడుగునా అమ్మ నవ్వు వినబడుతూనే ఉంది.

కొత్త తీర్మానం: ఆగస్టు 18, కృష్ణాష్టమికి, స్వామికి మా ఇంటి పూలదండ. వచ్చే ఆదివారం వెళ్లి మొక్కలు తెస్తాం. మొక్కలు మాత్రమే. ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం.