సీసా మీది స్టిక్కర్

నాంపల్లి, హైదరాబాద్,
21 ఆగస్టు 2025, గురువారం.

బడిలో పదో తరగతికి సైన్సు, ఇంట్లో మా అక్కకు మౌనం నేర్పే మా బావ బాలకిషన్ గారికి, ఏడో తరగతి గడప దాటలేని బామ్మర్ది వెంకటేశం రెండు చేతులూ జోడించి చేసే నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. బీపీ నిన్న నూట నలభై. నీ క్షేమం నువ్వు చెప్పవు కాబట్టి అక్కను అడిగి తెలుసుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం దొరికిన చోటు చూసి నన్ను తిట్టే ఉంటావు. ఇంకో నాలుగు తిట్టు, తిట్టాక చదువు. ఫోన్ చేద్దామంటే ఎనిమిది నెలల నుంచి నా నంబరును బ్లాకులో పెట్టావు. రోజూ నా దుకాణం ముందు నుంచే బడికి పోతావు, తల మాత్రం ఎదురుగా ఉన్న చెప్పుల షాపు వైపు తిప్పుకుంటావు. నువ్వేదో కొంటావని ఆ షాపాయన రోజూ ఆశగా లేచి నిలబడుతున్నాడు. ఆయన కోసమన్నా ఒక జత కొనరాదా?

దుకాణం బాగానే నడుస్తున్నది. వినాయక చవితి ఇంకా ఆరు రోజులే, మండపాల వాళ్ల స్టిక్కర్లు, బ్యానర్లతో ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఒక మండపం అధ్యక్షుడు వచ్చి దేవుడి కంటే తన ఫొటో పెద్దగా వేయమన్నాడు. అట్లనే వేశాను. ఆయన ఫొటో కిందనే 'పదకొండో రోజు నిమజ్జనం' అని కూడా వేశాను. బ్యానర్ కట్టేశారు, ఇంకా చూసుకున్నట్టు లేదు.

ఇక అసలు సంగతి. నిన్న డాక్టర్ రశ్మి గారు నన్ను పిలిపించారు. కిడ్నీ, బీపీల పరిశోధన మొత్తం ముగిసిందట. నిన్ను సోమవారం పదిన్నరకు రమ్మన్నారు. నువ్వు పోవాలి. నేను ఇన్ని కాగితాలు ఖరాబు చేస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

మొన్న అక్క దుకాణానికి వచ్చింది. మీ బావకు చెప్పులు పడతలేవురా, పొద్దున లేస్తే కండ్ల కింద ఉబ్బుతున్నది, దవాఖానకు పోదాం లెవ్వయ్యా అంటే ఆ డాక్టరమ్మకు ఏం మొహం చూపియ్యాలె అంటున్నడు అని చెప్పి, నా బ్యానర్ గుడ్డతోనే కండ్లు తుడుచుకుంది. డిసెంబర్ తర్వాత నువ్వు ఒక్క రక్త పరీక్ష కూడా చేయించుకోలేదట. పిల్లలకు కిడ్నీ బొమ్మ గీసి, భాగాలు గుర్తించమని మార్కులు వేసే మనిషివి. నీ కిడ్నీలను నువ్వే గుర్తించకపోతే ఎట్లా బావా?

ఈ పరిశోధనలోకి నన్ను లాగింది నువ్వేనని మరిచిపోకు. నిరుడు జూన్‌లో దుకాణానికి వచ్చి, అరే వెంకటేశం, మనిద్దరికీ బీపీ ఉన్నది, మూత్రంలో ప్రోటీన్ పోతున్నది, గిసుంటోళ్లే కావాల్నట, మన రక్తంతోని రేపటోళ్లకు మందు దొరుకుతదిరా అని గంటసేపు ఉపన్యాసం ఇచ్చావు. పరగడుపున రక్తం తీశాక ఇడ్లీ పెడతారని తెలిసి నేను ఒప్పుకున్నాను. సగం మందికి కొత్త మందు, సగం మందికి అచ్చం అట్లనే ఉండే ఉత్తగోలి ఇస్తారు, ఎవరికేది పోయిందో మనకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు అన్నారు. ఇచ్చేటోళ్లకే తెలియని మందేంది అని నేను నవ్వితే, తెలిస్తే మనసు మోసం చేస్తదిరా, అందుకే దాస్తరు అని నువ్వు గుడిలో పూజారి లాగా చెప్పావు. ఆ దాయడం మీద నీకెంత గౌరవమో నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

ఒక రోజంతా పట్టిన మూత్రాన్ని డబ్బాలో దవాఖానకు తెమ్మన్నారు, గుర్తుందా? నువ్వు డబ్బాను పాత పేపర్లో పెండ్లి కానుక లాగా చుట్టి ఒళ్లో పెట్టుకున్నావు. అందులో ఏముందని ఆటో అతను అడిగితే, అస్సల్ తేనె భాయ్, అడవి నుంచి వచ్చింది అని నేను చెప్పాను. కిలో ఎంత అని అతను అడిగాడు. ఆబిడ్స్ నుంచి దవాఖాన దాకా నువ్వు నా మొహం చూడలేదు. దిగినాక మాత్రం గోడకు చేయి ఆనించుకుని, కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వావు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయింది!

సీసాలు రెండూ నా దుకాణం సొరుగులోనే ఉండేవి. మధ్యాహ్నం బడి గంట కొట్టగానే నువ్వొచ్చేవాడివి, తిని, చెరొక గోలి వేసుకునేవాళ్లం. అక్క పంపే డబ్బా మూత తీయగానే నీ మొహం రిజల్టు చూసుకున్న నా మొహం లాగా అయ్యేది. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని సొరకాయ, పెరుగులో కూడా ఉప్పు లేదు. పెండ్లి చేసుకోని నాకు మెస్ డబ్బానే కాపురం కదా, అందులో ఆవకాయ, అప్పడం, ఘాటు సాంబారు. నీ మీద జాలి పుట్టి నా డబ్బా నీకు జరిపి, నీది నేను తినేవాణ్ని. నీ డబ్బా ఖాళీగా ఇంటికి పోయేది. మీ బావ ఎంత మారిండురా, ఉప్పు లేకున్నా మెతుకు మిగలుస్తలేడు అని అక్క నాతోనే చెప్పి మురిసిపోయేది. ఔ అక్కా, దేవుడు గాయన అని నేను తలూపేవాణ్ని.

సెప్టెంబర్‌లో చూసినప్పుడు నాకు నూట అరవై ఉన్న బీపీ నూట ముప్ఫైకి దిగింది. నీది నూట అరవై ఎనిమిది దగ్గరే కూర్చుంది. దవాఖాన మెట్లు దిగుతూ నువ్వు నా భుజం మీద చేయి వేసి, నీకు మందు పడ్డదిరా, నాకు ఉత్తగోలి పడ్డది, పోనీ, ఇద్దరిట్ల ఒక్కడన్నా బాగుపడుతున్నడు, మంచిగైంది అన్నావు. నీ గొంతులో రవ్వంత కూడా అసూయ లేదు. అదే నాకు కోపం తెప్పించింది.

ఆ రోజే మళ్లీ మూడు నెలలకు సరిపడా కొత్త సీసాలు ఇచ్చారు. ఆ తర్వాత నేను చేసిన పని నీకు తెలుసు. టీ కెటిల్ ఆవిరి మీద రెండు సీసాల మీది మన పేర్ల స్టిక్కర్లూ చిరగకుండా ఊడదీసి, దానిది దీనికి, దీనిది దానికి అంటించాను. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని. అంచు లేవలేదు, బుడగ రాలేదు. దొరికిపోయింది కూడా ఆ పనితనం వల్లనే. డిసెంబర్‌లో డాక్టరమ్మ సీసాలను తిప్పి తిప్పి చూసి, మా మిషన్ ప్రతి స్టిక్కర్‌నూ ఎడమకు కొంచెం వంకరగా అంటిస్తుంది, ఈ రెండే స్కేలు పెట్టినట్టున్నాయి, మీరు ఏం పని చేస్తారు అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపు నువ్వే గర్వంగా, స్టిక్కర్ల దుకాణమండి, నాంపల్లిలో మావాణ్ని మించినోడు లేడు అన్నావు.

ఎందుకు చేసినవ్‌రా అని అడిగావు. నేను పండ్లు బయటపెట్టి, ఊకెనే, తమాషాకు అన్నాను. నువ్వు అరవలేదు. అరిచినా బాగుండేది. కండ్లద్దాలు తీసి తుడుచుకుని, డాక్టరమ్మకు చేతులు జోడించి, మా వల్ల మీ కష్టం ఖరాబైంది, మన్నించండి అన్నావు. అక్కడి నుంచి ఆబిడ్స్ దాకా నడిచిపోయావు. నీ వెనక పది అడుగుల దూరంలో నేనూ నడిచాను. ఒక్కసారన్నా వెనక్కి తిరుగుతావనుకున్నాను.

బావా, వాళ్ల కష్టం ఖరాబు కాలేదు. మన ఇద్దరి రిపోర్టులు పక్కన పెట్టారట, మిగతా వాళ్లవి సరిపోయాయట. కొత్త మందు పనిచేస్తుందని తేలింది. ఇక నుంచి దాచకుండా అసలు మందే ఇస్తారట, మనిద్దరికీ ఇవ్వడానికి డాక్టరమ్మ పైవాళ్లను ఒప్పించారు. నీ మీద ఆమెకు కోపం లేదు. సైన్సు సార్ ఎందుకు రావడం లేదు, ఇప్పుడు జాగ్రత్త పడితే కిడ్నీలను చాలా ఏళ్లు కాపాడుకోవచ్చు, ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదు అన్నారు. తప్పు చేసినవాణ్ని నేను. నా మీది కోపం నీ కిడ్నీల మీద తీర్చుకోకు. నాతో మాట్లాడకపోయినా సరే, సోమవారం మాత్రం పో.

అక్కకు నా నమస్కారాలు చెప్పు. నాకేమీ చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
నువ్వు వద్దనుకున్నా వదలని నీ తలనొప్పి,
వెంకటేశం.

తా.క.: సంతకం పెట్టాక కూడా చేయి ఆగడం లేదు. ఆ రోజు తమాషాకు చేశానన్నది అబద్ధం.

నాది మందు, నీది ఉత్తగోలి అని నువ్వే అన్నావు. నా మందు నీకు ఇద్దామనుకున్నాను. అడిగితే నువ్వు తీసుకోవు, నియమం అంటావు, శాస్త్రం అంటావు. అందుకే స్టిక్కర్లు మార్చాను. నువ్వంటే ప్రాణం కాబట్టి మార్చాను అని ఆ గదిలో చెప్పడానికి సిగ్గేసింది. తమాషా అంటే నువ్వు వెంటనే నమ్ముతావని తెలుసు.

నిన్న డాక్టరమ్మ, ఎవరికేది ఇచ్చారో రాసి ఇన్నాళ్లూ సీలు వేసి దాచిన కవర్లలో నాది తెరిచి చదివారు. మొదటి నుంచీ నా పేరు మీద వచ్చింది ఉత్తగోలి. నీ పేరు మీద ఏమొచ్చిందో నీకే చెప్తామన్నారు. కానీ నీ సీసాలోని గోలీలు మింగిన ఆ మూడు నెలల్లోనే నా మూత్రంలో ప్రోటీన్ సగానికి పడింది. దీనికి సైన్సు సారు అక్కర్లేదు, ఏడో తరగతి చాలు. మరి అంతకుముందు నా బీపీ ఎట్లా దిగింది అని అడిగితే, ఏం తినేవారు అని ఆమె అడిగారు. డబ్బాల సంగతి చెప్పాను. పెన్ను కింద పెట్టి చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వలేదు.

నీ అన్నం తిని నేను బాగయ్యాను. నా ఆవకాయ తిని నువ్వు చెడ్డావు. అది చూసి నీకు మేలు చేస్తున్నాననుకుని నీ మందు కూడా నేనే మింగి, నా పిండిగోలీలు నీకు పెట్టాను. యాభై మూడేళ్లలో నేను తమాషాకు చేయని పని ఇదొక్కటే బావా.

ఈ మధ్య నీ డబ్బా సగం అట్లనే తిరిగి వస్తున్నదని అక్క బాధపడుతున్నది. అందుకే ఈ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో సీలు చేసి, అడుగు గిన్నెలో అన్నం కింద పెట్టమని అక్కకు ఇస్తున్నాను. రేపు నీకు దొరక్కపోతే కడిగి ఎల్లుండి పెడుతుంది. ఇది నీ చేతికొచ్చిందంటే ఉప్పు లేని డబ్బా అడుగు దాకా తిన్నావన్నమాట.

సోమవారం పదింటికి దుకాణం ముందు ఆటో ఆపి ఉంచుతాను. చెప్పుల షాపు వైపు చూస్తూనే ఎక్కు.