పాస్‌వర్డ్ ఎవరు మార్చారు

8-2-2025, శనివారం

నేను లెక్కలు రాసే బడాబజారు హోల్‌సేల్ కొట్లో చిన్న గొడవ. కంప్యూటర్ చూసే అంజలి గోపాల్‌పూర్ బస్సు దిగి వచ్చేసరికి గోడ గడియారం తొమ్మిదీ ఇరవై. దాన్ని మా సావుకారు తాతారావుగారు ఎప్పుడూ ఇరవై నిమిషాలు ముందు పెడతారు, పనివాళ్ళు త్వరగా వస్తారని. అంజలి కంప్యూటర్ మూల చూపించి, తొమ్మిదే కదా సార్, ఇది అబద్ధం సెప్పదు కదా అంది. బస్తాలు మోసే కళాసీలు నవ్వారు. తాతారావుగారు నవ్వలేదు.

10-2-2025, ఉదయం

ఆఫీసు సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. మళ్ళీ సైన్ ఇన్ అవ్వమంది. అంజలి పాస్‌వర్డ్ కొట్టింది. సమ్‌థింగ్ వెంట్ రాంగ్ అని వచ్చింది. కింద ఏదో ఎర్రర్ నంబరు. ఎన్నిసార్లు కొట్టినా అదే. సరుకుల రేట్ల షీట్ అందులోనే ఉంది. రంభ నుంచి సోనేపూర్ దాకా కొట్ల వాళ్ళు ఒకటే ఫోన్లు.

సాయంత్రం

తాతారావుగారు కళాసీల ముందే అనేశారు. పాస్‌వర్డు నువ్వే మార్చీసినావు, మా రేట్లు ఎదురుకొట్టోడికి అమ్మీడానికి కాకపోతే ఏటి అని. అంజలి ఏడవలేదు. నేను దొంగనా సార్, నా మొకం సూసి సెప్పండి అంది. ఆయన బిల్లులు సర్దుకుంటూ, రేపట్నుంచి రావొద్దన్నారు. టిఫిన్ బాక్సు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను లెక్కల పుస్తకంలోంచి తలెత్తలేదు.

11-2-2025

కంప్యూటర్ నాకు అప్పగించారు. లెక్కలు రాయడం ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాను. ఇదీ అంతే, కాకపోతే సగమే. పాత లాగిన్లు డిలీట్ చేశాను. రౌటర్ ఆపి మళ్ళీ వేశాను. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను. అదే ఎర్రర్.

పాస్‌వర్డ్ మా ముగ్గురికీ తెలుసు. ఇంటికొచ్చాక నా ఫోన్లో కొట్టి చూశాను. తెరుచుకుంది. రేట్ల షీట్ కూడా ఉంది. అంటే పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు.

12-2-2025

ఫోన్లో అవుతోందండీ అని తాతారావుగారికి చెప్పాను. భయపడి మళ్ళీ పాతదే పెట్టీసుంటాది, నీకు తెల్దులే జగ్గారావూ అన్నారు.

కంప్యూటర్లో ఇంకోసారి కొట్టాను. ఈసారి కోడ్ అడిగింది. కోడ్ ఆయన ఫోన్‌కి వచ్చింది. ఫోన్లో టైము 10.52. కంప్యూటర్ మూల 11.12. గోడ మీదా 11.12. మా కళ్ళకి కొట్లో ఆ టైమే అలవాటు. అందుకే ఎవరికీ తేడా కనబడలేదు.

ఆటోమేటిక్ టైము ఆపేసి ఉంది. వేశాను. టైము వెనక్కి వెళ్ళింది. సైన్ ఇన్ అయింది.

ఎవరు మార్చారండీ అని అడిగాను. నేనే, శనివారం సాయంత్రం, యూట్యూబులో సూసి మార్చినాను, ఒక్క కొట్లో రెండు టైములేటి అన్నారు. కంప్యూటర్ టైము తప్పుంటే సైన్ ఇన్ అవ్వనివ్వదు, అందుకే అవలేదంటే నమ్మలేదు. సైన్ ఔట్ చేయించి, తనే మళ్ళీ ముందుకి తిప్పారు. రాలేదు. వెనక్కి తిప్పారు. వచ్చింది. ఇంకోసారి చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆ పిల్లకి ఫోన్ సేసి రమ్మను అన్నారు. నేను చెయ్యనండీ, అన్నది మీరు కదా అన్నాను. ఆయనకి నేను ఎదురు చెప్పడం ఇదే మొదలు.

13-2-2025

తాతారావుగారు కొట్టుకి రాలేదు. ఆటోలో గోపాల్‌పూర్ వెళ్ళారట, అంజలి ఇంటికి. వెంట వెళ్ళిన ఆయన భార్య వాసవీకుమారిగారు సాయంత్రం ఫోన్లో చెప్పారు. అంజలి తల్లి బంగారమ్మ టీ ఇచ్చింది. ఈయన గాలి బాగుందన్నారు. చేపలు కిలో ఎంత అని అడిగారు. మా ఇంటా వంటా చేపుందా బాబూ, మేం తినం అని ఆవిడ నవ్విందట. అసలు మాట మాత్రం ఆయన నోట రాలేదు. ఆఖరికి అంజలే అందట, నలుగురి ముందు అన్నారు సార్, నలుగురి ముందే తప్పని సెప్పండి, అప్పుడొస్తాను అని.

14-2-2025

అంజలి వచ్చింది. గుమ్మం దాటలేదు. తాతారావుగారు కళాసీల్ని బస్తాలు దించమన్నారు. పాస్‌వర్డు ఈ అమ్మాయి మార్చలేదు, నేనే టైము తిప్పి పాడుసేసినాను, నేనన్న మాట తప్పు అన్నారు. ఇక బస్తాలు ఎత్తీమంటారా సావుకారూ అని ఒక కళాసీ అడిగాడు.

అంజలి లోపలికొచ్చి కూర్చుంది.

15-2-2025

అంజలి కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. రాసిస్తాను సార్ అంది. నాకొద్దు, నీ కాడే ఉండనీ అన్నారు.

నేనూ అడగలేదు.