తఖియ్యా వేళ్ళు

జనవరి 3, 2021. ఆదివారం

ఉద్యోగం దొరికింది. మూడు నెలల కాంట్రాక్ట్. యుద్ధసాయం కింద నెలనెలా ఇచ్చే పిండి బస్తాకి పేరు రాయించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళ వేలిముద్రలు తీయాలి. సెంటర్ మా బడిలోనే. ఏ బోర్డు మీద లెక్కలు చెప్పానో ఆ బోర్డు కిందే ఇప్పుడు స్కానర్ పెట్టుకుని కూర్చున్నాను. జీతం రాని టీచరమ్మకి ఇదైనా దొరికింది, నోరు మూసుకుని చెయ్యి ఇష్రాఖ్ అన్నాడు నాన్న. ఆయన పోస్టాఫీసు పెన్షన్ ఆగి నాలుగేళ్ళు. ఆయనా నోరు మూసుకునే ఉన్నాడు పాపం.

ఇప్పుడు నాకు జీతం ఉంది గనక మా ఇంటికి పిండి కార్డు లేదు. రూలట. నాన్న, నేను, నా కూతురు రీమాస్. ముగ్గురమే కదా, గడిచిపోతుంది.

జనవరి 6

మా వీధి ఆడవాళ్ళంతా కట్టకట్టుకుని వచ్చారు. అందరి చేతులకీ నల్ల గోరింట, వేళ్ళ కొసలదాకా, పెళ్ళికి పెట్టుకున్నట్టు. సంతకం కాదు, చేతులే చూపించాలన్నారని రెండు రోజులు కూర్చుని పెట్టుకున్నారట. పరాయివాళ్ళ ముందు బోడి చేతులు ఎలా చాపుతామే అంది సల్వా. ఎలాగూ అడుక్కోవడానికే కదా, కాస్త అందంగా అడుక్కుందాం అని వెనకనుంచి ఇంకెవరో. గదంతా నవ్వులు. స్కానర్ ఒక్క ముద్రా తీసుకోలేదు. ఇరవై రెండు మందిని రంగు పోయాక రమ్మని పంపేశాను. పోతూ పోతూ సల్వా నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

జనవరి 11

తఖియ్యా పెద్దమ్మ వచ్చింది. మా వీధి చివర తందూరు పొయ్యి ఆమెదే. తెల్లవారకముందే రొట్టెలు కాల్చి, గంప ముందు పెట్టుకుని బజారు గేటు దగ్గర కూర్చుంటుంది. అరవై ఏడేళ్ళు. కూతురూ అల్లుడూ షెల్ పడి పోయారు. ముగ్గురు మనవరాళ్ళు మిగిలారు, పెద్దది గదీర్‌కి పదమూడు.

ఆమె ముద్రలు పడలేదు. తుడిచాను, తడిపాను, గట్టిగా నొక్కాను. పది వేళ్ళలో ఒక్కదానికీ గీత లేదు. నున్నగా, వాడిన సబ్బు బిళ్ళలా ఉన్నాయి. గుడ్డ మెత్త మీద పెట్టి రొట్టెని పొయ్యి లోపలి గోడకి అంటించొచ్చు గానీ, పీకేది మాత్రం ఉత్తి చేత్తోనే. యాభై ఏళ్ళు పీకింది.

నీ మిషన్‌కి కళ్ళు దొబ్బాయా, ఇంత లావు వేళ్ళు కనపడట్లేదా అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గదీర్ ముద్రలు తీసుకోమంది. పద్దెనిమిది నిండనివాళ్ళవి చెల్లవు.

జనవరి 12

సూపర్‌వైజర్ ముఖ్బిల్‌ని అడిగాను. చేతులు తెగిపోయినవాళ్ళకి వేరే ఫారం ఉందట. చేతులుండి గీతలు లేనివాళ్ళకి లేదట. అయితే కోసుకు రమ్మని చెప్పమంటారా అన్నాను. నోరు జారాను. ఆయన టీ తాగడం ఆపలేదు.

మూడు వారాలు నిప్పు తగలకుండా ఉంటే గీతలు మళ్ళీ మొలుస్తాయన్నాడు. ఫిబ్రవరి 4 ఆఖరు రోజు. ఆ తర్వాత జూన్ దాకా నమోదు లేదు.

జనవరి 14

తఖియ్యాకి చెప్పాను. రొట్టె కాల్చకపోతే పిల్లలు ఏం తింటారు, గీతలా? అంది. చాలాసేపు సాధించింది. ఆఖరికి పొయ్యి మీద మూత పెట్టింది. ఇంట్లో ఉన్న పిండితో సంకటి కెలుక్కుని మూడు వారాలు లాగుతారట. ఆ తర్వాత నెలనెలా బస్తా వస్తుంది కదా అని నాచేత రెండుసార్లు అనిపించుకుంది.

వస్తుంది అన్నాను. నేనెవర్ని చెప్పడానికి?

జనవరి 23

రోజూ సెంటర్ నుంచి వస్తూ ఆమె వేళ్ళు చూస్తున్నాను. ఆమె చల్లటి పొయ్యి చుట్టూ కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. పిల్లల సంకటి పలచబడింది. నాకూ కుదురు లేదు. సెంటర్‌లో ఎవరి చెయ్యి పట్టుకున్నా ముందు కొసలు చూస్తున్నాను.

ఇవాళ కుడి చూపుడువేలి మీద సన్నటి గీత! గదీర్ కూడా చూసింది. ముసలిది మాత్రం, వయసొచ్చిన పిల్లకి మొటిమ వచ్చినట్టు అంతా మూగి చూడకండి అని కసిరింది.

జనవరి 29. శుక్రవారం

నాన్న పోయాడు. మధ్యాహ్నం నమాజుకి లేవబోయి.

జనవరి 31

చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలగకూడదు. వీధివాళ్ళే పెట్టాలి. గిన్నెలు వస్తున్నాయి, జనం వస్తున్నారు, నేను కూర్చున్నచోట కూర్చునే ఉన్నాను. ఎవరు ఏం పెడితే అది తిన్నాను. నిన్న తిన్నాను, ఇవాళ పొద్దున్నా తిన్నాను. వేడి వేడి రొట్టెలు.

మధ్యాహ్నం రీమాస్ నోటినిండా కుక్కుకుని, తఖియ్యామ్మ రొట్టే బాగుంటుంది అంది. చేతిలో రొట్టె కింద పెట్టేశాను. మూడు రోజులుగా రొట్టె తింటున్నాను, ఎక్కడిదని ఒక్కసారైనా అనుకున్నానా? సిగ్గులేని మొహం నాది.

వచ్చినవాళ్ళని వదిలేసి పరిగెత్తాను. పొయ్యి మండుతోంది. ఆమె భుజందాకా చెయ్యి లోపల పెట్టి రొట్టె పీకుతోంది. అరిచాను. ఏమిటే అరుపులు, మీ నాన్న శవం లేచిన ఇంటికి బజారు ఎండురొట్టె పంపించమంటావా, నా వేళ్ళకి గీతలు మొలవాలని మీరు పస్తుండాలా అంది. ఆయన బతికున్నాళ్ళూ పొద్దున్నే మొదటి రొట్టె నా దగ్గరే కొన్నాడు, పోయాక ఎగ్గొడతానా అంది. వేడి రొట్టె ఒకటి నా చేతిలో పెట్టి, ఫో, చావింట్లో దానివి వీధిలో తిరక్కు అని తోలేసింది.

ఫిబ్రవరి 2

పదిహేను రోజుల సంకటి మా ఇంటి మూడు రోజుల రొట్టెకి సరిపోయింది. ఆమె వేళ్ళ మీద మళ్ళీ ఒక్క గీత లేదు.

ఫిబ్రవరి 4. మధ్యాహ్నం 3

చేసేశాను.

ఆఖరు రోజు. ముఖ్బిల్ రోజూలాగే మత్తుకి ఖాత్ ఆకు నమలడానికి వెళ్ళాడు. తెర వెనక నేనూ ఆమే. ఆమె మామూలుగా చెయ్యి చాపింది, పడదని ఇద్దరికీ తెలుసు. చాపిన ఆ చెయ్యి పక్కకి జరిపి నా చేతులు పెట్టాను. పది వేళ్ళూ. పేరు తఖియ్యా, వయసు అరవై ఏడు. ఆడవాళ్ళు ఫొటో వద్దంటే తీయకూడదు. వద్దన్నట్టు టిక్కు పెట్టాను. పచ్చ దీపం వెలిగింది.

నీ వేళ్ళు నా పేరుకి ఇస్తే మరి నీకో అంది. నాకు ఉద్యోగం ఉందిగా పెద్దమ్మా అన్నాను.

చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. ఎందుకో.

ఫిబ్రవరి 28

పంపిణీ. ఇక్కడ మిషన్ అడిగేది కుడి బొటనవేలొక్కటే, అయితే అది నా దగ్గర ఉంది. తఖియ్యా బయటికి కప్పుకెళ్ళే వెలిసిపోయిన దుప్పటి కప్పుకుని, మొహం మూసుకుని, ఆమె కార్డు పట్టుకుని, నడుం వంచి వెళ్ళాను. పంచేవాళ్ళంతా మగవాళ్ళు, ముసుగు తీయమనరు. మెల్లగా పెద్దమ్మా, మెట్టుంది చూసుకో అన్నాడొకడు. వాడికి నాకంటే రెండేళ్ళు ఎక్కువే ఉంటాయి. బస్తా బండి మీదకి వాడే ఎక్కించాడు, నీ దీవెన కావాలన్నాడు. ఇచ్చాను, ఏం చేయను?

ఇల్లు చేరాక కూడా నడుం వంగే ఉంది. రీమాస్ చూసి నవ్వింది.

మార్చి 31

కాంట్రాక్ట్ అయిపోయింది. ఇప్పుడు జీతం లేదు కదా, జూన్‌లో మీ ఇల్లూ రాయించుకోండి అన్నాడు ముఖ్బిల్, వరమిచ్చినట్టు.

ఇంట్లో పెద్దదాన్ని నేనొక్కదాన్నే. నాకున్నవి పది వేళ్ళు. పదీ తఖియ్యావి.

ఏప్రిల్ 2

నిజం చెబితే ఆమె పేరు కొట్టేస్తారు, నన్ను దొంగల లిస్టులో పెడతారు. చెప్పకపోతే నా పిల్లకి తిండి ఎక్కడినుంచి తేను? కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. గిన్నెలు తోమినవే తోముతున్నాను.

ఏప్రిల్ 9

తఖియ్యాకి తెలిసిపోయింది. రీమాస్ ఆకలని గదీర్‌తో అన్నదట. వీధిలో నిలబెట్టి కడిగేసింది. ఎవరిమ్మన్నారే నీ చేతులు, నేనడిగానా, గొప్పకి పోయి పిల్ల కడుపు మాడుస్తావా అని. తిట్టి తిట్టి దగ్గు తెరలో కూలబడింది. తర్వాత బస్తా విప్పి సగం పిండి మా ఇంటికి పంపింది. నేను వెనక్కి పంపాను. ఆమె మళ్ళీ పంపింది. నాలుగోసారికి గదీర్ చేతులు నొప్పెడుతున్నాయని ఏడ్చింది. ఉంచుకున్నాను.

ఒక బస్తాకి రెండు ఇళ్ళు, ఆరు నోళ్ళు. నెలలో సగానికే అయిపోతుంది.

ఇంకో సంగతి. నన్ను పొయ్యి ఛాయలకి రానివ్వడం లేదు. ఉల్లిపాయ తరగనివ్వదు, బూడిదతో తోమనివ్వదు. నా చేతులు ఇప్పుడు ఉమ్మడి ఆస్తి అట.

మే 19

తఖియ్యాకి డెంగ్యూ. ఒళ్ళు కాలిపోతోంది. కలవరింతలో కూడా, మాడిపోతోంది తియ్యండి, తియ్యండి అంటోంది.

మే 30

బతుకుతుంది. లేవడానికి నెల పడుతుందన్నారు. పొయ్యి చల్లారి పన్నెండు రోజులు.

జూన్ 15

పొద్దున్న గదీర్ పరిగెత్తుకొచ్చింది. అమ్మమ్మ వేళ్ళు చూడు టీచర్ అంది.

వచ్చాయి. పదింటికీ. గుండ్రంగా, వరసగా, పుస్తకంలో బొమ్మలా. మంచం మీద కూర్చుని ఆమే వెలుతురుకి పెట్టుకుని చూసుకుంటోంది. నాకు సంతోషం రాలేదు, మంట వచ్చింది. అప్పుడు కావాలంటే రాలేదు, ఇప్పుడొచ్చాయా మహాతల్లులు?

పద, నా పేరు మీద నా వేళ్ళు పెట్టించు, నీవి నీకిచ్చేస్తా అంది. కుదరదు పెద్దమ్మా, మిషన్ లెక్కలో తఖియ్యా అంటే నా వేళ్ళే, నీవి పెడితే నువ్వు తఖియ్యావి కాదంటుంది అన్నాను. అయితే నేనెవర్ని అంది. ఎవరివీ కావు అన్నాను. వేళ్ళు మళ్ళీ వెలుతురుకి తిప్పి చూసుకుంది. నీ పేరు ఖాళీగానే పడుంది కదటే, అందులోకి నేను దూరతాను అంది.

వద్దన్నాను. పిచ్చా అన్నాను. ఇద్దరం జైలుకి పోతామన్నాను. జైల్లో రొట్టె పెడతారా అని అడిగింది.

జూన్ 24

ఈసారి సెంటర్‌లో నా కుర్చీలో కొత్తమ్మాయి. ఎవరినీ ఎరగదు. తఖియ్యా నా గుర్తింపు కార్డు పట్టుకుని, మొహం మూసుకుని తెర వెనక్కి వెళ్ళింది. నేను బయట బల్ల మీద, ఆమె దుప్పట్లో, మనవరాలికి తోడొచ్చిన ముసలమ్మలా కూర్చున్నాను.

అంతా వినపడుతోంది. ముప్పై నాలుగేళ్ళా మీకు అంది పిల్ల. అవునమ్మా. చేతులు చూస్తే అలా లేవే అంది. తఖియ్యా నిట్టూర్చి, నా మొగుడి పాలబడితే నీ చేతులూ ఇంతేనమ్మా, పెళ్ళయిందా నీకు అంది. లేదంది పిల్ల. తొందరపడకు తల్లీ అంది తఖియ్యా. పిల్ల పకపకా నవ్వింది. మొదటి వేలు, రెండో వేలు అని లెక్కపెడుతూ తీసుకుంది.

మిషన్ పది సార్లు టిక్కుమంది.

బయటికొచ్చి, లే ముసలిదానా, ఇంటికి పోదాం అంది నాతో. దారంతా నవ్వుతూనే ఉన్నాం. ఇంటి గుమ్మం దగ్గర నేను ఏడ్చాను.

జూన్ 26

ఇక ఆమె జన్మలో రొట్టె కాల్చకూడదు. కాలిస్తే నా ఇంటి బస్తా పోతుంది. ఈ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తడం లేదు. గంప అటక మీదకి ఎక్కింది. బజారు గేటు దగ్గర ఆమె చోటులో ఇప్పుడు ఎవరో బ్యాటరీలు అమ్ముతున్నారు.

జులై 15

రెండు బస్తాలు. నేను తఖియ్యా అయి వెళ్ళాను, ఆమె ఇష్రాఖ్ అయి వెళ్ళింది. కుర్రదానిలా నడవమంటే మరీ ఎక్కువ ఊగింది.

జులై 27. ఉదయం 6

సల్వా అత్తగారు పోయింది. మూడు రోజుల రొట్టె.

ఆమె కాలిస్తే నా బస్తా పోతుంది. నేను కాలిస్తే ఆమెది. మానేద్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

బస్తా ఇచ్చేచోట మిషన్ అడిగేది బొటనవేలే కదా అంటూ తఖియ్యా పొయ్యి మూత తీసింది. పాత దుప్పటి చించి తడిపి నా బొటనవేళ్ళకి చుట్టింది, ఆమె వాటికి నేను చుట్టాను. నిప్పులో పెట్టడానికి ఇద్దరివీ కలిపి మిగిలినవి పదహారు వేళ్ళు. పిండి కలుపుతున్నాం.