నువ్వు పంపిన బోల్టు

నాన్నకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, తమ్ముడు, నేను, నా బండి అందరం క్షేమం. అక్కడ నువ్వూ నీ లేత్ మెషీనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు వేశావు. మూడింటికి ముందు చెప్తాను, ఒకటి చివరికి ఉంచుతాను, కోప్పడకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. కాకపోతే మెట్లెక్కిన ప్రతిసారీ నిన్ను తలుచుకుని తిడుతోంది, మూడో అంతస్తులో ఇల్లు తీసుకున్నది నువ్వేనట. తమ్ముడు లెక్కల్లో ఎలాగో గట్టెక్కాడు. కళ్లద్దాల షాపులో నా పని బాగుంది. ఇప్పుడు కళ్లు పరీక్ష చేసే గది కూడా నాకే అప్పగించారు.

బైకు రేసుల సీజన్ అయిపోయింది నాన్నా. ఆరు రేసుల్లో కలిపి నాకు మూడో స్థానం వచ్చింది. తమ్ముడు కప్పుని ఫ్రిజ్ మీద పెట్టి, వచ్చిన వాళ్లందరికీ తనే గెలిచినట్టు చూపిస్తున్నాడు. అమ్మ రోజూ తుడుస్తోంది. నేను మాత్రం చల్లటి నీళ్లు తాగడం మానేశాను, ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాలంటే మొహం చెల్లక.

ఆ కప్పు టైలర్ బాబాయ్‌ది. మా రేసుల్లో అందరికన్నా పెద్దవాడు, యాభై ఎనిమిదేళ్లు. వారమంతా ప్యాంట్లు కుట్టి, ఆదివారం మాతో సమానంగా బండి వంచుతాడు. మలుపులో ఎక్కడ బ్రేకు వెయ్యాలో నాకు నేర్పింది ఆయనే. రెండేళ్ల కిందట ఒక్కసారి ఆయన బండి ఆయిల్ కారింది. అప్పటినుంచి దానికి ‘కారుడు బండి’ అని పేరు పెట్టి అందరం ఏడిపిస్తాం. ఆయనా నవ్వేవాడు.

ఐదో రేసులో ఎడమ మలుపు దగ్గర రోడ్డు మీద ఆయిల్ పడింది. మా వెనక వస్తున్న ఇద్దరు జారిపడ్డారు. అందులో ఒక స్కూలు టీచరుకి భుజం ఎముక విరిగింది. రేసు ఆపి అందరం తిరిగొచ్చాక ఎవరో అన్నారు: “ఇంకెవరిది? కారుడు బండే!”

బాబాయ్ మొహం మాడిపోయింది. “నాదే అయ్యుంటుందిలే” అన్నాడు. టీచరు దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకున్నాడు. ఇంకెవరి బండీ ఎవరూ చూడలేదు. ఆఖరి రేసుకి ఆయన రాలేదు. అప్పటిదాకా మూడో స్థానం ఆయనది, నాలుగోది నాది.

ఇక నీ నాలుగో ప్రశ్న. “ఇంజను కింద ఆయిల్ దింపే బోల్టుకి తల మీద బెజ్జం వేసి పంపాను, కుదిరిందా? తీగ కడుతున్నావా?” అనడిగావు. కుదిరింది నాన్నా. ఇంజను అదురుకి వదులు కాకుండా ఆ బెజ్జంలోంచి తీగ లాగి కట్టాలని నువ్వు చిన్నప్పుడే నేర్పావు. ఐదో రేసుకి ముందు బళ్ల తనిఖీ అప్పుడు కట్టే ఉంది. తర్వాత ఆ బోల్టు విప్పి ఆయిల్ మార్చాను. ఇంతలో రేసుకి పిలిచారు. చేత్తో బిగించి, తీగ కట్టకుండానే, ఒక్క రేసుకేగా అనుకుని వెళ్లిపోయాను.

తిరిగొచ్చి బండి కింద చెయ్యి పెడితే వేళ్లు నల్లగా తడిశాయి. అవతల బాబాయ్ క్షమాపణ చెబుతుంటే, నేను తేలు కుట్టిన దొంగలా వేళ్లు తుడుచుకుని, బోల్టు బిగించి, అప్పుడు తీగ కట్టాను. ఎంత నీచమైన పనో రాస్తుంటే తెలుస్తోంది.

పోయిన ఆదివారం చెప్పేద్దామని ఆయన షాపుకి వెళ్లాను. గుడ్డలు కత్తిరించే బల్ల మీద ఇంజను ముక్కలుగా పరిచి ఉంది.

“మూడోసారి విప్పానమ్మా. ఎక్కడ కారుతోందో దొరకట్లేదు. నీవి లేత కళ్లు, కాస్త చూసిపెట్టు.”

చూశాను నాన్నా. టార్చిలైటు పట్టుకుని, గంటసేపు, లేని లోపం కోసం ఆయనతో కలిసి వెతికాను. చివరికి ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

“చూపు మందగించిందేమో. మీ షాపుకి వస్తాను, పవరు పెంచి ఇవ్వు. కళ్లు కనబడనివాడు బండెక్కి నలుగుర్ని పడెయ్యకూడదు.”

బుధవారం వచ్చాడు. పరీక్ష చేశాను. ఆఖరి వరస అక్షరాలు కూడా గడగడా చదివేశాడు. “నీ కళ్లకేం కాలేదు బాబాయ్” అన్నాను. మిగతాది చెప్పకుండా అక్షరాల చార్టు లైటు ఆర్పేశాను. ఆయనకి సంతోషం వెయ్యలేదు. “మరి లోపం ఎక్కడున్నట్టు?” అంటూ వెళ్లాడు.

నోటితో చెప్పలేనని తేలిపోయింది. అందుకే ఈ కాగితం. రేపు పొద్దున్నే కప్పుతో పాటు దీన్ని తీసుకెళ్లి, ముందు ఆయన్ని చదవమంటాను. కవరు మీద నీ అడ్రసు నేను రాయను, చదివాక ఆయన చేతే రాయిస్తాను. ఈ ఉత్తరం నీకు చేరితే ఒకసారి కవరు తిప్పి చూడు. అక్షరాలు నావే అయితే, నీ కూతురు రేపు కూడా నోరు మూసుకుని తిరిగొచ్చిందని తెలుసుకో.

ఇట్లు,
నువ్వు తీగ కట్టడం నేర్పిన
నీ పెద్దకూతురు