గట్టు దాటిన యూరియా

విన్ చౌ,
డిసెంబరు 14.

చిరంజీవి మరిది ఖియెమ్‌కి వదిన హ్వే దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా రెండు చేలూ క్షేమం. కా మావులో రొయ్యల షెడ్డు పని నీ ఒంటికి సరిపడిందని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. గాలి నీకు అన్యాయం చేసిందనీ, మీ పెదనాన్నతో చెప్పి ఇంకో పంట గడువు ఇప్పించమనీ రాశావు. అడగడానికి నీకు నేనే దొరికానా?

మీ అన్న సంవత్సరీకం రోజు గుర్తుందిగా. నేను బాతుకూర వడ్డిస్తుంటే పదిమందిలో అన్నావు: "వదిన చేలో వరెక్కడ పండుద్ది పెదనాన్నా, పసుపు పండుద్ది గానీ. ఆ మడి నాకిస్తే రొయ్యల చెరువన్నా తవ్వుకుంటా." అందరూ నవ్వారు. ఈ పంట ఎవరిది బాగుంటే రెండు చేలూ వాళ్ళవేనని మీ పెదనాన్న తీర్పు చెప్పాడు. ముందు ఒప్పుకున్నది నువ్వే.

నా వరి రెండేళ్ళు ఎందుకు పాలిపోయిందో మనిద్దరికీ తెలుసు. నేను యూరియా చల్లి ఇంటికి రాగానే, కాలవ నీరు సముద్రంలోకి తీసే ఆటు వేళ నీ చేలో నీళ్ళు కాలవలోకి వదిలేసి, మన చేల మధ్య గట్టుకి గండి కొట్టేవాడివి. యూరియా కరిగిన నా నీళ్ళు పల్లాన ఉన్న నీ చేలోకి దిగేవి. సాయంత్రానికి కొత్త మట్టితో పూడ్చేసేవాడివి. ఎవరికి చెప్పినా సేద్యం చేతకాని ఆడదాని సాకు అన్నారు.

ఈసారి నా రహస్యమేమిటని అడిగావు. నాట్లయిన వారానికి యూరియా బిళ్ళలు తెచ్చి, నాలుగు దుబ్బుల మధ్య ఒక్కొక్కటి, బెత్తెడు లోతున బురదలోకి దిగేశాను. మూడు రోజులు నడుం ఎత్తలేదు. బురదలో దాగినది నీళ్ళతో పోదు, ఆవిరై పోదు, నీకూ అందదు.

నీ చేను పచ్చదనం ముదిరి నల్లగా, నడుం దాటి లేచింది. ఊరందరినీ పిలిచి చూపించుకున్నావు. గింజ పాలు పోసుకుంటుండగా గాలి వచ్చింది. నీది చాపలా పడుకుంది, నాది నిలబడింది. గట్టెక్కి చూశాను. జాలి కలుగుతుందేమో అనుకున్నాను. కలగలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

గడువు ఇప్పించను. గట్టుకి గండి కొట్టిన నీ పార నా పెరట్లో ఉంది, కావాలంటే వచ్చి తీసుకెళ్ళు.

ఇట్లు,
మీ అన్న భార్య,
హ్వే.

తా.క. ఆ గాలి ఊళ్ళో అన్ని చేల మీదా వీచింది. పడింది నీదొక్కటే. బిళ్ళలు పెట్టాక నా వరికి ఇంక పైన చల్లే యూరియా అక్కర్లేదు. అయినా నువ్వు చూస్తుండగా మూడుసార్లు, ప్రతిసారీ మామూలుకి రెండింతలు, నీళ్ళ మీద చల్లాను. ఆటు వేళ చూసి చల్లి, నీకు తీరిక ఇవ్వాలని అన్నానికి ఇంటికి వెళ్ళిపోయేదాన్ని. బలం ఎక్కువైన వరి నిలబడదు ఖియెమ్. నువ్వు గట్టు ముట్టకుండా ఉంటే, ఆ మూడు మోతాదులూ నా చేలోనే ఇంకి, పడేది నా చేను. నువ్వు దొంగవేనని నమ్మి మీ అన్న భూమిని పందెం కాశాను.