బిగుతు బూట్లు

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మన నగరి ముక్కుకొండ రాతిగోడ ఎక్కాను. తాడు కట్టుకునే ఎక్కాను, భయపడకు. ముప్పై ఏళ్లు మరమగ్గం నడుపుతూ నువ్వు కిటికీలోంచి చూసిన కొండే అది.

కాలేజీలో ఉండగా నా మొదటి క్లైంబింగ్ బూట్లు వచ్చాయి, గుర్తుందా? వేసుకుని నిలబడితే వేళ్లు ముడుచుకుపోయి, నొప్పికి మొహం చిట్లించాను. అవి అలా బిగుతుగానే ఉండాలని, అప్పుడే రాతి మీద చిన్న అంచయినా కాలికి ఆనుతుందని నీకు చెప్పలేదు. మర్నాడు నేను కాలేజీకి వెళ్లగానే నువ్వు వాటిని బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన చేత సాగదీయించి తెచ్చావు.

"ఇప్పుడు ఏసుకో పాపా, నొప్పుండదు" అన్నావు.

"పాడు చేసేసినావు కదా! నీకేం తెలుసని ముట్టుకున్నావు?" అని అరిచాను.

నువ్వు మగ్గం దగ్గరికి వెళ్లిపోయావు. తప్పయిందని నేను ఏనాడూ అనలేదు.

ఇవాళ కొండ దిగి ఇంటికొచ్చాక ఆ సంగతి ఎత్తి అమ్మ ముందు ఏడ్చాను. నా కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ అమ్మ అంది:

"ఆ దినం మీ నాయన బాధపళ్లేదు మే. 'నాకు తెలీని పని ఒకటి నా బిడ్డ నేర్సుకుండాది' అని మగ్గాలకాడ అందరికీ చెప్పుకున్నాడు."

బాధపడ్డావా అని అడిగితే ఆ మాట నాకూ చెప్పేవాడివే. నేనే అడగలేదు నాయనా.